వాకిలి పొదల కత్తిరింపు

ఇంటి ముందు పెంచే పూల పొదలు, అలంకరణ మొక్కలు విపరీతంగా గుబురెక్కి దారిని, కిటికీలను కమ్మేసినప్పుడు, వాటి కొమ్మలను ఒక పద్ధతిలో తీసి మళ్లీ అదుపులోకి తేవడాన్ని పొదల కత్తిరింపు అంటారు. ఉద్యాన శాఖ వాడుకలో ఇది కొమ్మ కత్తిరింపు. నర్సరీల్లో కటింగు, ప్రూనింగు. ఇందులో రెండు వేరువేరు పనులున్నాయి. ఒకటి, పైపైన ఆకు చెరిగి ఆకారం దిద్దడం. రెండోది, ముదురు కొమ్మలను మొదలంటా తీసి పొదను లోపల్నుంచి పలచన చేయడం. గోదావరి గట్టున కొవ్వూరు లాంటి ఊళ్లలో ఎక్కువగా జరిగేది మొదటిది. పెరిగిపోయిన పొదకు కావలసింది చాలావరకు రెండోది.

వాకిలి, పెరడు

గోదావరి జిల్లాల పాత లోగిళ్లలో మొక్కల చోటు పెరడు. గోరింట, కరివేప, మల్లెపందిరి, అరటి అన్నీ ఇంటి వెనకే. వీధి వైపు అరుగు, దాని ముందు ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గు పెట్టుకునే నేల. వాకిలి అంటే ఆ ఖాళీ నేలే. ఇంటి ముందు ప్రహరీ, గేటు, గేటు నుంచి మెట్ల దాకా మొక్కలు అనే ఏర్పాటు బ్రిటిషు కాలపు బంగళాల నమూనా. కాలనీలు వెలిశాక అదే అందరికీ అలవాటైంది. కాకపోతే బంగళాకు చుట్టూ ఎకరం ఉండేది. ఇప్పటి రెండు వందల గజాల స్థలంలో ఇంటికీ ప్రహరీకీ మధ్య మిగిలేది ఆరేడు అడుగులు. ఆ ఆరేడు అడుగుల్లోనే మోటారు సైకిలు, పంపు, మీటరు పెట్టె, ముగ్గు, మందారం. అందుకే ఇక్కడ కత్తిరింపు అందం కోసం మాత్రమే చేసేది కాదు. నడవడానికి, ఊడవడానికి, గాలీ వెలుతురూ లోపలికి రావడానికి చేసేది.

కొవ్వూరు గోదావరికి పడమటి గట్టున, రాజమహేంద్రవరానికి ఎదురుగా ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన దాకా పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి, ఇప్పుడు తూర్పు గోదావరిలో చేరింది. దిగువన విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువ మొదలవుతుంది. నది తెచ్చి పోసిన ఒండ్రు నేల, దండిగా నీరు, దాదాపు ఏడాది పొడవునా వెచ్చదనం. ఈ మూడూ కలిసినచోట పొద పెరుగుదల ఆగదు. చలిదేశాల్లో మొక్క శీతకాలం నిద్రపోతుంది, తోటమాలికి మూడు నాలుగు నెలల విరామం దొరుకుతుంది. ఇక్కడ ఆ నిద్ర లేదు. వేసవిలో కాస్త వెనకడుగు వేసి, తొలకరి పడగానే జానల లెక్కన చిగురేస్తుంది. కుండీలో మోకాలెత్తున తెచ్చిన మొక్క మూడు నాలుగేళ్లకు కిటికీ దాటి సన్‌షేడు అందుకోవడం ఇక్కడ మామూలే.

ఆ మొక్కల్లో ఎక్కువ భాగం వచ్చేది నది అవతలి నుంచి. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టుపక్కల నర్సరీలు దేశమంతటికీ మొక్కలు పంపుతాయి. కొవ్వూరుకు అవి వంతెన దాటితే చాలు. 1974లో రోడ్డు కం రైలు వంతెన తెరుచుకున్నాక ఆ రాకపోకలు మరీ తేలికయ్యాయి.  నర్సరీలో మొక్క కొనేటప్పుడు అది ఎంత ఎత్తు, ఎంత వెడల్పు పెరుగుతుందో అడిగేవారు తక్కువ. అసలు తప్పు అక్కడ మొదలవుతుంది. పదడుగులు పెరిగే జాతిని రెండడుగుల పాదులో పెడితే దాన్ని జీవితాంతం కత్తెరతోనే అదుపు చేయాలి.

కోసినప్పుడు మొక్కలో జరిగేది

కొమ్మ కొనన ఉన్న మొగ్గలో ఆక్సిన్ అనే హార్మోను తయారై కిందికి దిగుతుంది. అది దిగుతున్నంత కాలం కింది కణుపుల్లోని పక్క మొగ్గలు అణిగి ఉంటాయి. వృక్షశాస్త్రంలో దీన్ని అగ్రాధిక్యత అంటారు. కొన తీసేస్తే ఆ అదుపు పోయి, కోత కిందున్న రెండు మూడు కణుపులు ఒక్కసారి చిగురిస్తాయి. కొన కోసిన చోటల్లా ఒక కొమ్మ మూడవుతుందన్నమాట. గుబురు కావాలంటే ఈ గుణం వరం, గుబురు తగ్గాలంటే ఇదే శాపం.

హెడ్జి కత్తెరతో ఏటా పైపైన చెరిగే పొదకు పట్టే గతి ఇదే. బయట అరచేతి మందాన ఆకుల పెంకు కడుతుంది. లోపలికి ఎండ సోకదు, ఆకు రాలుతుంది, ఎండుపుల్లలు మిగులుతాయి. వీధిలోంచి చూస్తే బంతిలా పచ్చగా ఉంటుంది. చేత్తో ఆకులు పక్కకు తీసి చూస్తే లోపల పిట్టగూడంత చెత్త, సాలెగూళ్లు, పిండినల్లి. ఏటా కోస్తున్నా పొద ఏటా ఇంకాస్త పెద్దదవుతుంది, ఎందుకంటే ప్రతిసారీ కత్తెర పాత గీతకు అంగుళం పైనే ఆగుతుంది.

మొదలంటా తీసిన కోత వేరు. కొమ్మ పుట్టినచోటే దాన్ని తీసేస్తే అక్కడ చిగుళ్ల గుంపు రాదు. ఆ కొమ్మకు వెళ్లే బలం మిగిలిన కొమ్మలకూ, మొదట్లోంచి వచ్చే లేత కొమ్మలకూ పోతుంది. పొద ఎత్తు తగ్గుతుంది కానీ మొండిగా కనిపించదు.

కోతకు రంగు, తారు, పేడ పూసే అలవాటు చాలాచోట్ల ఉంది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల మానులను చీల్చి చూసి, చెట్టు గాయాన్ని జంతువుల్లాగా మాన్పుకోదనీ, దాని చుట్టూ లోపల గోడ కట్టి వేరుచేస్తుందనీ 1970ల్లో వివరించారు. పైపూతల వల్ల ఆ పనికి పెద్ద సాయం లేదని కూడా ఆయన చూపారు. కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడ ఈ గోడ కట్టే చోటు. దాన్ని చెక్కకుండా, అలాగని మొండెం వదలకుండా కోయడం ముఖ్యం. గోదావరి వానల్లో బూజు తెగుళ్లు ఎక్కువ కాబట్టి బొటనవేలికన్నా లావైన కోతలకు ఇక్కడి తోటల్లో బోర్డో పేస్టు పూయడం ఆనవాయితీ. మైలుతుత్తం, సున్నం చెరో కిలో పది లీటర్ల నీటికి అన్నది దాని లెక్క. ఇంటి అవసరానికి అదే పాళ్లలో లీటరు కలుపుకుంటే మిగిలిపోతుంది. సన్న కొమ్మలకు ఏమీ అక్కర్లేదు.

ఒక మందారం

ప్రహరీకి మూడడుగుల లోపల, కిటికీ పక్కన, ఎనిమిదేళ్లుగా కత్తెర ఎరగని మందారం ఉందనుకుంటే పని ఇలా సాగుతుంది. పదడుగుల ఎత్తు, మొదట్లో పది పన్నెండు కొమ్మలు, పువ్వంతా చిటారున. ఇంట్లోవాళ్లు పూజకు పువ్వు కోయాలంటే దోటీ పట్టుకోవాలి. కిందంతా బోసి, రాలిన ఆకు, తేమ.

ముందు కర్రతో పొదను నాలుగు దెబ్బలు తట్టాలి. కందిరీగల గూడు ఉంటే అప్పుడే తెలుస్తుంది, పామున్నా కదులుతుంది. తరవాత ఎండినవి, విరిగినవి, పిండినల్లి పట్టినవి తీసేయాలి. దీనికి ఆలోచన అక్కర్లేదు. సగం పొదలకు ఈ ఒక్క పనితోనే రూపు తేలుతుంది. ఆపైన ఒకదాన్నొకటి రాసుకుంటున్న కొమ్మల్లో బలహీనమైనది, ఇంటి గోడలోకి తిరిగినది. ఇప్పుడు అన్నిటికన్నా ముదురు కొమ్మలు నాలుగింటిని ఎంచి నేలకు జానెడెత్తున రంపంతో కోయాలి. బరువైన కొమ్మను ఒకే కోతకు తెగవేస్తే కిందికి వాలుతూ బెరడును చీల్చుకుపోతుంది. కాబట్టి ముందు కింది వైపు ఒక గాటు, కాస్త అవతల పైనుంచి కోత, చివర్న మిగిలిన మొండెం. మిగిలినవాటిలో పొడుగువాటిని కిటికీ గట్టు ఎత్తున, బయటి వైపు చూస్తున్న కణుపుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కత్తిరిస్తే కొత్త చిగురు గోడవైపు కాక వెలుతురు వైపు వెళ్తుంది.

పొద మొత్తంలో మూడో వంతు తీసేసరికి ఆగాలి. మిగతా పాత కొమ్మలను తరవాతి రెండు విడతల్లో తీస్తారు. చలిదేశాల పుస్తకాలు ఈ పద్ధతికి మూడేళ్లు గడువు చెబుతాయి. డెల్టాలో చిగురు వేగానికి ఏడాది, ఏడాదిన్నర చాలు. మూడో వంతు లెక్కకు ఇక్కడ ఇంకో ప్రయోజనం ఉంది. పొదను ఒక్కసారి నేలమట్టం చేస్తే రెండు మూడు నెలలు పువ్వుండదు. రోజూ దేవుడి దగ్గర పెట్టే పువ్వు ఆగిపోతుందన్న బెంగతోనే చాలా ఇళ్లలో మందారం మీద కత్తెర పడదు. విడతలుగా తీస్తే కోసిన వైపు చిగురిస్తుంటే తక్కిన వైపు పూస్తూనే ఉంటుంది.

పని సరిగా జరిగిందీ లేనిదీ తేల్చడానికి టేపు అక్కర్లేదు. పొద కింద అడుగున్నర దాకా పక్కకొమ్మలు లేకుండా, చీపురు దూరి అవతలికి రావాలి. నేల ఆరుతుంది, దోమ ఆగదు, రాలినాకు కుళ్లదు. డెంగీని మోసే ఈడిస్ దోమ ఇలాంటి చల్లటి నీడల్లోనూ తలదాచుకుంటుంది. చీపురు దూరని పొదను ఎంత గుండ్రంగా చెక్కినా పని సగమే అయినట్టు.

ఎప్పుడు

ఏడాదిలో రెండు అదునులు. మొదటిది మృగశిర కార్తె ప్రవేశించి రెండు మూడు వానలు పడ్డాక, జూన్‌లో. కాలువలకు నీళ్లు వదిలే రోజులు కూడా అవే. కోసిన ప్రతి కణుపూ వారం పది రోజుల్లో కదులుతుంది. రెండోది తుపానుల కాలం దాటి పొడి చలి పట్టాక, మార్గశిర పుష్య మాసాల్లో. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో మాత్రం కత్తెర ముట్టకూడదు. ఏళ్ల తరబడి నీడలో ఉన్న లోపలి బెరడుకు ఒక్కసారి మే నెల ఎండ సోకితే కమిలి పగుళ్లు పడుతుంది. ముసురు పట్టిన రోజుల్లోనూ ఆగడమే మేలు. తడి కోత గుండా కొమ్మ ఎండు తెగులు దిగుతుంది.

వీటికి తోడు సెప్టెంబరు చివర్లో చిన్న పలచన ఒకటి అవసరం. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని ఎలా పడగొట్టిందో ఈ జిల్లాలవారికి చెప్పక్కర్లేదు. పొదలు చిన్నవే అయినా తల బరువెక్కి, నేల నాని ఉన్నప్పుడు వేళ్లతో సహా ఒరుగుతాయి. గాలి దూరిపోయేలా నాలుగు కొమ్మలు తీస్తే సరిపోతుంది.

చాంద్రమానపు పండుగలు తెలియకుండానే ఈ పనిలో కొంత చేయిస్తాయి. ఆషాఢంలో గోరింట దూసుకోవడం ఒకరకం కత్తిరింపే. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రిలో గన్నేరు, జాజి, దానిమ్మ ఉన్నాయి. ఇక కార్తికంలో శివపూజకు నందివర్ధనం, పారిజాతం కావాలి కాబట్టి ఆ ముందు రెండు నెలలు వాటి జోలికి పోకపోవడం మంచిది. సంధ్యవేళ మొక్కను ముట్టకూడదన్న పెద్దల మాట ఒకటుంది. పాములు తిరిగే వేళ అదేనని గమనిస్తే మాట వినడమే క్షేమం.

ఏ మొక్కకు ఎలా

చలిదేశాల్లో చాలా పొదలు నిరుటి కొమ్మ మీద పూస్తాయి, అదును తప్పి కోస్తే ఏడాది పూత పోతుంది. గోదావరి వాకిళ్లలో పెరిగేవి ఎక్కువగా కొత్త చిగురు మీద పూసేవే కాబట్టి ఆ భయం ఇక్కడ తక్కువ. కత్తిరిస్తేనే పూత బాగుంటుంది కూడా.

నందివర్ధనం ఎంత కోసినా తట్టుకుంటుంది. కోయగానే కారే పాలు కత్తెరను బంకలా పట్టేస్తాయి. నూనె గుడ్డతో తుడుస్తూ ఉండాలి. నూరువరహాలు నెమ్మది మొక్క. గుత్తులు వాడిపోయాక వాటి కింద రెండు మూడు కణుపులు తీస్తే చాలు, మొదలంటా నరికితే కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. గోరింటకు ఏ భయమూ లేదు. రాజస్థాన్‌లోని సోజత్ ప్రాంతంలో దాన్ని పంటగా వేసి ఏటా నేల దాకా కోస్తారు, అది ఏటా మళ్లీ లేస్తుంది.

కాగితంపూలు వాకిలి మొక్కల్లో కల్లా మొండిది. రంగు రేకుల్లా కనిపించేవి నిజానికి ఆకులే. అసలు పువ్వు వాటి మధ్య తెల్లగా సన్నగా ఉంటుంది. కొత్త కొమ్మల మీదే రంగు తిరుగుతుంది కనుక పూత విడత అయిపోగానే కోయాలి. నీళ్లు ఎక్కువైతే ఆకే తప్ప పువ్వు రాదు. ముళ్లు తోలు చేతితొడుగును కూడా లెక్కచేయవు. గేటు మీద కమానుగా పాకించినప్పుడు ముఖమెత్తున ఉన్న కొమ్మలను ఏడాది పొడవునా చూసుకోవాల్సిందే. రాధామనోహరం పాకడంలో దీనికి తోబుట్టువు లాంటిది. మేడ మీదికి, అక్కణ్నుంచి కరెంటు తీగల మీదికి పాకుతుంది. తీగలకు తగిలే కొమ్మను సొంతంగా కోయకూడదు. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ స్థానిక కార్యాలయానికి చెప్పి, సరఫరా ఆపించాకే ఆ పని జరగాలి.

మల్లెకు లెక్క కచ్చితం. కడియపులంక పూల మార్కెట్టుకు పంపే రైతులు చేసేదే ఇంటి మల్లెకూ వర్తిస్తుంది: చలికాలంలో నీళ్లు మాన్పి, ఆకు దూసి, నేలకు అడుగున్నర ఎత్తున కొమ్మలన్నీ కత్తిరించి, పాదు తవ్వి పశువుల ఎరువు వేసి నీరు పెట్టాలి. మాఘ ఫాల్గుణాల్లో చిగురు, వేసవికి మొగ్గ. కత్తిరించని మల్లె పందిరంతా ఆకు కప్పి అక్కడొకటి ఇక్కడొకటి పూస్తుంది.

క్రోటన్లు, అకలీఫా, దురంతా ఆకు కోసం పెంచేవి. హెడ్జి కత్తెరకు నిజంగా తగినవి ఇవే. కంచెగా పెంచేటప్పుడు అడుగుభాగం వెడల్పుగా, పైభాగం కాస్త సన్నంగా ఉంచాలి. తలకిందులుగా చేస్తే కింది ఆకుకు ఎండ తగలక బోసిపోతుంది. వీధుల్లో కనిపించే దురంతా కంచెలు చాలావరకు ఈ తప్పుతోనే ఉంటాయి.

కోయకూడనివీ ఉన్నాయి. తూజాను పచ్చదనం దాటి గోధుమరంగు కొమ్మ దాకా నరికితే అక్కడ మళ్లీ చిగురు రాదు, జీవితాంతం బొక్కే. అరేకా పామ్ లాంటి తాటి జాతుల్లో ఒక్కో కాండానికి ఒకటే మొవ్వు. అది తెగితే ఆ కాండం చచ్చినట్టే. వాటికి ఎండిన మట్టలు తీయడమే కత్తిరింపు.

పొద నల్లబడిందని కోసేయడం ఇటీవలి పొరపాటు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి కొబ్బరిని పట్టుకుంది. అది కొబ్బరాకు మీదినుంచి విసర్జించే తియ్యటి జిగురు కింది మొక్కల మీద పడి, దాని మీద మసి తెగులు పెరుగుతుంది. కింది నూరువరహాలును ఎంత కోసినా ఆ నలుపు పోదు. తల ఎత్తి కొబ్బరిని చూడాలి.

పనిముట్లు, తరవాతి పనులు

వేలి లావు దాకా సికేచర్ అనే చేతికత్తెర, ఆపైన చిన్న రంపం. ఇంట్లో ఇంకేమీ లేకపోయినా ఈ రెండూ ఉంటే చాలు. కూలికి వచ్చేవారు కత్తితోనో కొడవలితోనో ఒక్క వేటులో కానిచ్చేస్తారు. పని త్వరగా అవుతుంది గానీ చీలిన మొండెంలో నీరు నిలిచి చెదలు చేరుతుంది. ఒక తెగులు మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లేముందు కత్తెరను స్పిరిటుతో తుడవాలి.

కోత అయ్యాక పాదులో గంపెడు పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి, వాన లేకపోతే రోజు విడిచి రోజు నీళ్లు. చిగుళ్లు జానెడు వచ్చాక వాటిలో మళ్లీ ఏరాలి. మొదట్లోంచి గుంపుగా లేచే వాటిలో నాలుగైదు ఉంచి మిగతావి లేతగా ఉండగానే గిల్లేయాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో పనినే, ఏడాదికే పొద మొదటికి వస్తుంది.

కోసినదంతా చెత్త కాదు. జూన్ కోతల్లో పెన్సిలు లావున్న మందారం, నందివర్ధనం, కాగితంపూల ముక్కలు జానెడు పొడవున కోసి ఇసుక కలిపిన ఒండ్రులో గుచ్చితే చాలావరకు వేళ్లు తొడుగుతాయి. నర్సరీల వ్యాపారానికి పునాది ఈ గుణమే. ఆకు, లేత కొమ్మ పెరట్లో గోతిలో పేడనీళ్లతో కుళ్లబెడితే ఎరువు. పుష్యమాసపు కోతలో మిగిలే ఎండుపుల్లలు భోగి మంటకు సరిగ్గా అందుతాయి. గన్నేరు, పచ్చగన్నేరు కొమ్మలను మాత్రం మంటలో వేయకూడదు, పశువుల ముందు పారేయకూడదు. వాటి ఆకు, బెరడు, పాలు, కాయ అన్నిటిలోనూ గుండెను దెబ్బతీసే విషం ఉంది. ఎండినా అది పోదు, పొగలోనూ ఉంటుంది.